కాపాడి తెచ్చినాక మా చెల్లెల్ని చట్టం ఎందుకు వదిలేసింది?

సీమ_మల్లి
ఎవరికైనా తెలిస్తే చెప్పండి, నాలుగు రోజులుగా నాకు నిద్ర లేదు. మా పిన్నమ్మ కూతురి సంగతి ఇది. 2021లో శెనక్కాయ పంట పోయి అప్పులోళ్లు గడపలో కూర్చుంటే, మా వీధికి వచ్చిపోయే ఒకామె పూణేలో ఇంటి పని ఉంది, నెలకి 12 వేలు ఇస్తారు అని చెప్పి పిల్లని తోలుకుపోయింది. ఇంటి పని కాదు. అంతకంటే రాయలేను. ఏడాదికి అక్కడి పోలీసులు రైడ్ చేసి బయటికి తెచ్చినారు, అక్కడే ఒక హోంలో 10 నెలలు పెట్టినారు, తర్వాత మా చిన్నాయన పోయి సంతకాలు పెట్టి ఇంటికి తెచ్చుకున్యాడు.

ఇంక అయిపోయింది అనుకుంటిమి. ఇప్పుడు సమన్లు వచ్చినాయి, పూణే పోయి కోర్టులో సాక్ష్యం చెప్పాలంట. ఆ సమన్లు ఎట్లా ఇచ్చినారో తెలుసా, కానిస్టేబులు యూనిఫాంలో బండి మీద వచ్చి టీకొట్టు కాడ నిలబడి "పూణే కేసు పిల్ల ఇల్లు యాడ?" అని అడిగినాడు. ఇన్నాళ్లూ బంధువుల ఇంట్లో ఉండి చదువుకునింది అని చెప్పుకుంటా వచ్చిన మాట ఒక్క నిమిషంలో పాయ. ఆ పొద్దు నుంచి పిల్ల బయటికి రాదు. రాత్రి లైటు ఆర్పనీదు. గోడకి వీపు ఆనించి కూర్చునే నిద్రపోతుంది. తీసుకుపోయిన ఆమె మాత్రం శుక్రవారం సంతలో నా ముందరే బెండకాయలు బేరం చేస్తా ఉంది. ఆమె పేరు కేసులోనే లేదంట!

చట్టం అంటే రైడ్ వరకేనా? ఆ తర్వాత ఆ పిల్లకి ఏమీ లేదా? రైలు చార్జీలకే దిక్కు లేదు మాకు.

గోదారి_గట్టు
చదువుతుంటే ఒళ్లు జలదరించిందండి మల్లి గారూ. ముందు పోస్టులోంచి ఊరి పేరు తీసేయండి దయచేసి. ఇక్కడ ఎవరెవరు చదువుతారో మనకి తెలీదు.

అడ్మిన్_వేదిక
ఊరి పేరు, మండలం పేరు నేనే తీసేశాను. ఇలాంటి కేసుల్లో బాధితురాలిని గుర్తుపట్టేలా రాస్తే అది నేరం అవుతుంది, మనం మంచి మనసుతో రాసినా సరే. మిగతావాళ్లు కూడా సొంతవాళ్ల సంగతులు రాసేటప్పుడు పేర్లు, ఊళ్లు మార్చి రాయండి.

నిజం_నిష్టూరం
బాధ అర్థమైంది కానీ ఒక మాట అడుగుతా, కోప్పడొద్దు. చదువులేని పిల్లకి ఇంటి పనికి తిండి పెట్టి 12 వేలు చేతికి ఎవడిస్తాడు? పెద్దవాళ్లు ఆలోచించొద్దా? ఇంకొకటి, తెలిసే వెళ్లి దొరికాక బాధితులం అనేవాళ్లు కూడా ఉంటారు, మా ఏరియాలో చూశాను. అందరికీ రక్షణ అంటే ఎలా?

గోదారి_గట్టు
అప్పులవాడు గడపలో కూర్చున్నప్పుడు 12 వేలు ఎవడిస్తాడు అని లెక్కలు వేసే ఓపిక ఎవరికుంటుందండి. ఆ ఆశ చూసే కదా వాళ్లు వల వేసేది.

పారాలీగల్_సుజాత
నిజం గారూ, మీకు జవాబు తర్వాత. ముందు మల్లికి. నేను న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్‌ని, ఏడేళ్లయింది, ఇలాంటివి చూస్తూనే ఉన్నా.

మల్లీ, లాయరు ఖర్చు గురించి దిగులు పెట్టుకోకు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్‌లో ఎవరెవరికి ఉచితంగా లాయరుని ఇవ్వాలో రాసి ఉంది, అందులో మానవ అక్రమ రవాణా బాధితులు అని విడిగా ఉంది. ఆదాయం సర్టిఫికెట్ అడిగితే అక్కర్లేదని గట్టిగా చెప్పు. మీ కోర్టు ఆవరణలోనే మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంటుంది, లేదా 15100కి ఫోన్ చెయ్యి. తర్వాత పరిహారం. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే పాత సీఆర్‌పీసీ చట్టంలో 357ఏ అని ఉండేది, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 396. దాని కింద ముద్దాయికి శిక్ష పడే దాకా ఆగక్కర్లేదు, నేరం చేసినవాడు దొరక్కపోయినా అడగొచ్చు, మధ్యంతర సాయం కూడా అడగొచ్చు. హోం నుంచి పంపేటప్పుడు ఈ సంగతి ఎవరైనా చెప్పారా? చెప్పి ఉండరు. నేను చూసినవాళ్లలో నూటికి తొంభై మందికి ఎవరూ చెప్పలేదు.

పూణే వెళ్లడం తప్పనిసరి కాదు. వీడియోలో సాక్ష్యం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది, అది కూడా మహారాష్ట్ర కేసే, ప్రఫుల్ దేశాయ్ కేసు. వేరే రాష్ట్రానికి తరలించిన పిల్లల విషయంలో 2022లో ఇంకా వివరంగా పద్ధతి పెట్టారు, పిల్లలు ఉన్న ఊరి దగ్గరి కోర్టు నుంచే చెప్పొచ్చని. మీ చెల్లెలికి 18 దాటినా అడగడంలో తప్పు లేదు, అక్కడి కోర్టుకి పిటిషన్ పెట్టాలి అంతే. వెళ్లక తప్పకపోతే సాక్షికి ప్రయాణం బత్తా కోర్టు ఇవ్వాలి, అడక్కపోతే ఎవరూ ఇవ్వరు.

సీమ_మల్లి
పరిహారం అనే మాటే మాకు తెలీదక్కా. హోంలో సంతకాలు పెట్టించుకున్యారు, హిందీలో ఉన్నాయంట, చిన్నాయనకి తెలుగే సరిగా రాదు.

రిటైర్డ్_హెడ్డు
నేను 31 సంవత్సరాలు సర్వీసు చేసి హెడ్ కానిస్టేబుల్‌గా దిగాను. ఆ సంతావిడ పేరు కేసులో ఎందుకు లేదో చెబుతాను. రైడ్ జరిగేది ఎక్కడ, అమ్మాయిలు దొరికిన చోట. ఎఫ్ఐఆర్‌లో ఎవరు ఎక్కుతారు, ఆ ఇంట్లో దొరికిన నిర్వాహకురాలు, ఒకరిద్దరు విటులు, వాచ్‌మన్. ఈ పిల్లని ఎవరు తెచ్చారు, ఏ ఊర్లో బేరం కుదిరింది, రైలెక్కించింది ఎవరు, ఇదంతా తేల్చాలంటే అక్కడి ఎస్ఐ రెండు రైళ్లు మారి మీ ఊరు రావాలి. భాష రాదు, వారం పడుతుంది, పైన ఇంకో ఇరవై కేసులు ఉంటాయి. చార్జిషీటు గడువు దగ్గర పడుతుంది. దొరికినవాళ్లతో కేసు కట్టేస్తాడు. మొదటి అమ్మకం చేసిన మనిషి ఎప్పుడూ మిగిలిపోతాడు, మళ్లీ ఇంకో ఇంటి గడప ఎక్కుతాడు. 2019లో జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏకి కూడా ఈ కేసులు చూసే అధికారం ఇచ్చారు కానీ ఎన్ని కేసులని వాళ్లు చూస్తారు.

ఇంకొకటి. సమన్లు అలా ఇవ్వడం ముమ్మాటికీ తప్పు. సివిల్ డ్రెస్‌లో, ఆడ కానిస్టేబుల్‌తో ఇంటికి వెళ్లి ఇవ్వొచ్చు. నేను అక్కడుంటే ఊరుకునేవాణ్ని కాదు.

పెద్దపల్లి_రమేశ్
హెడ్డు సాబ్ మంచిగ చెప్పిండ్రు. గదే కథ మా దిక్కు ఇటుక బట్టీలల్ల గూడ. ఒడిశా బలంగీర్, నువాపడా దిక్కు కెళ్లి వస్తరు, కాంటాబంజి స్టేషన్ల రైలెక్కుతరు, మొగుడు పెండ్లాం ఒక పిలగాడు కలిస్తే ఒక జట్టు, దాన్ని వాళ్ల భాషల పత్తిరియా అంటరు. అడ్వాన్సు జట్టుకు ఇస్తరు, మనిషికి కాదు, గందుకే పిలగాడు గూడ లెక్కలకే వస్తడు. తెల్లారి మూడు గంటలకు లేచి మట్టి పిసుకుతరు. పిలగాండ్లు పచ్చి ఇటుకను ఎండకు తిప్పేస్తుంటరు, మెల్లగ, అంచు విరగకుండ. విరిగితే లెక్కల కొడ్తరు. నేను కళ్లార చూసిన, ఏడేండ్ల పోరి, చేతి వేళ్లు గరుకు కాగితం లెక్క అయినయి.

వాళ్లను ఆఫీసర్లు వచ్చి విడిపించినప్పుడు ఆర్డీవో విడుదల పత్రం ఇయ్యాలె. 1976 వెట్టిచాకిరి చట్టం కింద గది ఉంటెనే పైసలు. 2016 స్కీము ప్రకారం మగోళ్లకు లక్ష, ఆడోళ్లకు పిల్లలకు 2 లక్షలు, మరీ ఘోరమైన కేసులకు 3 లక్షలు, వెంటనే ఇచ్చేది అప్పుడు 20 వేలు, తర్వాత 30 వేల దాకా చేసిండ్రు. గా వెంటనే ఇచ్చేదానికి శిక్ష పడేదాక ఆగుడు లేదు, మిగిలిందంత కేసు తేలుడుతోని ముడిపెట్టిండ్రు. మా దగ్గర ఒకసారి పత్రం ఇయ్యకుండనే రైలెక్కించి పంపిండ్రు. మల్ల పండుగ అయినంక గదే కుటుంబం ఇంకో బట్టీకి వచ్చింది. ఇగ విడిపించుడు అంటే ఏంది?

కోనసీమ_చంటి
"ఇగ విడిపించుడు అంటే ఏంది" — రమేశన్నా ఈ ఒక్క ముక్క పెద్ద అక్షరాల్తో రాయించి అసెంబ్లీ ముందు పెట్టాలన్నా.

మా అమ్మది చెప్తానండి. గల్ఫ్ వెళ్లింది, ఖద్దామా పని. ఇళ్లలో పనికి వెళ్లే ఆడాళ్లకి 30 ఏళ్లు నిండాలి, గవర్నమెంటు ఏజెన్సీల ద్వారానే వెళ్లాలి అని రూలు ఉందండి, ఆంధ్రాకి ఓంక్యాప్, తెలంగాణకి టామ్‌కామ్ ఉన్నాయి. అది మంచికే పెట్టారు. కానీ ఏం జరిగిందంటే అమ్మకి అప్పటికి 27, ఏజెంటు విజిట్ వీసా మీద ఇంకో దేశం పంపి అక్కణ్ణుంచి దాటించాడు. ఆ క్షణం నుంచి మన గవర్నమెంటు లెక్కలో అమ్మ లేనే లేదండి. కంట్రాక్టు లేదు, ఇన్సూరెన్సు లేదు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే పనిలో పెట్టుకున్న యజమాని దగ్గర. 14 నెలలు వంటింట్లోనే పడుకుంది, జీతం వచ్చింది నాలుగు నెలలు. పారిపోయి ఎంబసీకి చేరితే ఔట్‌పాస్ మీద, అంటే పాస్‌పోర్టు లేనివాళ్లకి ఇంటికి రావడానికి ఇచ్చే కాగితం మీద పంపారు. విమానాశ్రయంలో దిగినప్పుడు చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఒక జత బట్టలు, మా చెల్లికి కొన్న జడ క్లిప్పులు. అంతే తెచ్చుకుంది.

ఏజెంటు మీద కేసు పెడదామంటే స్టేషన్లో ఏమన్నారో తెలుసా అండీ, "మీ అమ్మ కూడా రూలు తప్పి వెళ్లింది కదా, ఆవిడ మీదా కేసవుతుంది" అన్నారు. నాన్న భయపడి వచ్చేశారు.

పారాలీగల్_సుజాత
చంటీ, అది బెదిరింపు. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని పంపడం ఏజెంటు చేసిన నేరం. బాధితురాలిని భయపెట్టి ఫిర్యాదు వెనక్కి పంపేయడం ప్రతి జిల్లాలో చూస్తున్నా.

నిజం గారి ప్రశ్నకి కూడా ఇక్కడే జవాబు ఉంది. 2013లో మనుషుల అక్రమ రవాణా సెక్షన్ ఐపీసీ 370 మార్చారు, నిర్భయ తర్వాత వర్మ కమిటీ చెప్పాక. ఇప్పుడది ఐపీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్‌లో 143. మోసం చేసో, బెదిరించో, ఆశపెట్టో, అధికారం వాడుకునో మనిషిని దోపిడీ కోసం తరలిస్తే, ఆ మనిషి "సరే" అన్నదా లేదా అనేది అసలు లెక్కలోకే రాదు అని అందులో స్పష్టంగా రాశారు. పూణేకి సరే అంది కాబట్టి దేనికైనా సరే అన్నట్టు కాదు కదండీ.

నిజం_నిష్టూరం
సరే, ఆ సెక్షన్ సంగతి నాకు తెలీదు, ఒప్పుకుంటున్నా. కానీ మరి రైడ్లలో ఆడవాళ్ల మీద కూడా కేసులు పెడతారు కదా? టీవీలో చూపిస్తారు, ముఖానికి చున్నీ కప్పుకుని వరసగా నిలబడి ఉంటారు. బాధితులైతే అలా ఎందుకు నిలబెడతారు?

రిటైర్డ్_హెడ్డు
ఈ ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది నాలాంటివాడే. పీటా చట్టం, అంటే వ్యభిచార నిరోధక చట్టం, 1956 నాటిది. దాంట్లో 8వ సెక్షన్ అని ఉంది, రోడ్డు మీద పిలిచినందుకు. ఆడమనిషికి ఆరు నెలల దాకా జైలు, మగవాడు అదే పని చేస్తే ఏడు రోజుల నుంచి మూడు నెలలే. ఈ తేడా ఏమిటని మేము ఎప్పుడూ అడగలేదు. నెలాఖరుకి కేసుల సంఖ్య చూపించాలంటే అన్నిటికంటే సులువైన సెక్షన్ అదే.

ఎన్నో ఏళ్ల కిందట ఒక రాత్రి, ఏ స్టేషనో చెప్పను, రైడ్ అయ్యాక ఒక పిల్ల, ఇరవై ఉంటాయో లేదో, జీపు వెనక కూర్చుని నన్ను అడిగింది. "సార్, డబ్బులిచ్చి వచ్చినోణ్ని బండి మీద ఇంటికి పంపేశారు, నన్ను జీపెందుకు ఎక్కించారు?" అని. నేను నోరు ముయ్యి అన్నాను. ఆ పిల్ల నోరు మూసింది. రిటైరై ఆరేళ్లయినా ఆ ప్రశ్న వినపడుతూనే ఉంది. ఆ రోజు మా జీపు ముందు ఫొటోగ్రాఫర్లని పిలిచింది కూడా మేమే. నిజం గారూ, మీరు టీవీలో చూసిన చున్నీల వెనక ఎవరున్నారో మాకే తెలీదు, మేము అడగలేదు కాబట్టి.

గోదారి_గట్టు
ఇది రాయడానికి ధైర్యం కావాలి సార్.

గాజువాక_శ్రీను
ఆడోళ్ల సంగతే కాదు, మగోళ్లని కూడా అమ్మేస్తున్నారు, మా తమ్ముడు డిగ్రీ చదివి ఖాళీగా ఉంటే కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగం, నెలకి 700 డాలర్లు అని మా ఏరియా ఏజెంటే చెప్పాడు, లక్షన్నర కట్టాం, టూరిస్ట్ వీసా, బ్యాంకాక్ మీదుగా పంపాడు, దిగగానే పాస్‌పోర్ట్ లాగేసుకుని ఒక పెద్ద బిల్డింగ్‌లో పడేశారు, గేటుకి గన్ను పట్టుకున్నోళ్లు, అక్కడ ఆడపిల్ల ఫొటో పెట్టి ఫేక్ ప్రొఫైల్ చేసి మనోళ్లనే తెలుగులో మాట్లాడి పెట్టుబడి పెట్టించాలంట, టార్గెట్ కాకపోతే తిండి కట్, ఎదురు మాట్లాడితే చీకటి రూం, వెళ్లిపోతానంటే మేము నిన్ను కొనుక్కున్నాం డబ్బు కట్టి పో అని, 2024 మేలో సిహనౌక్‌విల్‌లో మనోళ్లు వందలమంది తిరగబడ్డారు కదా, విశాఖ పోలీసులు ఏజెంట్లని పట్టుకున్నారు కదా, ఆ టైంలోనే వీడూ బయటపడ్డాడు, ఇంటికొచ్చాడు, ఇప్పుడు ఏంటంటే వాడి ఫోన్ తీసుకున్నారు, నాలుగుసార్లు పిలిచి ఎంతమందిని మోసం చేశావ్ అని అడిగారు, ఉద్యోగానికి వెళ్తే వెరిఫికేషన్‌లో తిరగ్గొడుతున్నారు, వాడు బాధితుడా ముద్దాయా ఎవరూ తేల్చి చెప్పట్లేదు

కోనసీమ_చంటి
శ్రీనన్నా మధ్యలో ఒక్క చుక్కైనా పెట్టన్నా, చదువుతుంటే ఊపిరాడలేదు. అయినా నువ్వు చెప్పిన సంగతికి ఊపిరి ఆడకపోవడమే న్యాయం.

నిజం_నిష్టూరం
మా బావమరిది అలాంటి వాట్సాప్ పెట్టుబడిలోనే 9 లక్షలు పోగొట్టుకున్నాడు. పిల్ల పెళ్లికి దాచుకున్న డబ్బు. అవతల కూర్చుని తియ్యగా తెలుగులో మాట్లాడినవాడు కూడా బాధితుడే అంటే ఆయనకి నేను ఏం చెప్పాలి? నిజంగా అడుగుతున్నా.

గాజువాక_శ్రీను
ఏం చెప్పాలో నాకూ తెలీదన్నా. మా తమ్ముడు కూడా అదే అడుగుతాడు. ఒక ముసలాయన గొంతు గుర్తుంది వాడికి. ఆ రోజు కావాలనే తప్పు లింకు పంపాడంట, ఆయన డబ్బు పోకూడదని. ఆ రాత్రి తిండి లేదు.

డల్లాస్_అన్నపూర్ణ
బయటి దేశాల చట్టాలు దీనికి ఒక దారి చూపించాయి. బ్రిటన్‌లో 2015 మోడరన్ స్లేవరీ చట్టం 45వ సెక్షన్ ప్రకారం, బానిసత్వంలో పెట్టి బలవంతంగా చేయించిన నేరానికి ఆ మనిషిని శిక్షించకూడదు అని కోర్టులో వాదించుకునే హక్కు ఉంది. మరీ ఘోరమైన నేరాలకి అది వర్తించదు. ఊరికే వదిలేయడం కాదు, బలవంతం జరిగిందా అని ముందు చూడటం.

అమెరికా చట్టం 2000లో వచ్చింది. మన తెలుగువాళ్లు మర్చిపోకూడని కేసు అప్పుడే కాలిఫోర్నియాలోని బర్కిలీలో నడిచింది. లకిరెడ్డి బాలిరెడ్డి అనే పెద్ద భూస్వామి, వందల అపార్టుమెంట్ల యజమాని, కృష్ణా జిల్లా నుంచి పేద ఆడపిల్లల్ని దొంగ కాగితాలతో తెచ్చి పనికీ దానికీ వాడుకున్నాడు. 1999 నవంబరులో హీటర్ గ్యాస్‌కి ఒక పిల్ల చనిపోయింది. ఆ రోజు కారులో వెళ్తున్న ఒకావిడ, మగవాళ్లు చుట్టిన కార్పెట్ మోసుకెళ్తుంటే అందులోంచి కాలు వేలాడటం చూసి ఆగింది. వాళ్లు పొమ్మన్నా పోలేదు. ఇంకో పిల్లని వ్యాన్‌లోకి ఈడుస్తుంటే అడ్డుపడి, దారిన పోయేవాళ్లని ఆపి పోలీసులని పిలిపించింది. తర్వాత అక్కడి హైస్కూలు పిల్లలే తమ స్కూలు పేపర్లో ఈ సంగతి బయటపెట్టారు. 2001లో ఆయనకి 97 నెలలు జైలు, 20 లక్షల డాలర్లు పరిహారం.

ఇక్కడ టి-వీసా అని ఉంది, అక్రమ రవాణా బాధితులు దర్యాప్తుకి సాయం చేస్తే దేశంలోనే ఉండి పని చేసుకోవచ్చు. ఏడాదికి 5 వేల పరిమితి, ఏళ్ల తరబడి ఎదురుచూపులు, లోపాలు చాలా ఉన్నాయి. కానీ సాక్ష్యం అడిగే ముందు ఆ మనిషికి నిలబడే చోటు ఇవ్వాలి అన్న ఆలోచన అయితే ఉంది.

పారాలీగల్_సుజాత
మన దగ్గర కూడా ఒకటి వచ్చి ఆగిపోయింది. 2018 జులై 26న లోక్‌సభ అక్రమ రవాణా బిల్లు పాస్ చేసింది. నివారణ, రక్షణ, పునరావాసం మూడూ ఒకే చట్టంలో, పునరావాసానికి విడిగా నిధి. రాజ్యసభకి రాకుండానే 2019లో మురిగిపోయింది. 2021లో కొత్త ముసాయిదా పెట్టి అభిప్రాయాలు అడిగారు, పార్లమెంటు గడప తొక్కలేదు. ఆ బిల్లే వచ్చి ఉంటే మల్లి ఇవాళ ఇలా అడగాల్సి వచ్చేది కాదు.

అరుణ_సంఘం
ఇక్కడ నేను ఒప్పుకోను సుజాతా. నేను సెక్స్ వర్కర్ల సంఘంలో 15 ఏళ్లుగా పనిచేస్తున్నా. రక్షణ పేరుతో మా అక్కల్ని ఎలా ఈడ్చుకెళ్లారో నాకు తెలుసు. పీటా 17వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఏడాది నుంచి మూడేళ్ల దాకా హోంలో పెట్టమనొచ్చు. నేరం చేయని మనిషికి మూడేళ్లు! బయట పిల్లలు ఆకలితో ఉంటారు, ఆమెకి మాత్రం లోపల కొవ్వొత్తుల తయారీ నేర్పిస్తుంటారు. 2018 బిల్లులో కూడా ఆ హోంల పద్ధతే గట్టిపడింది, అందుకే మేము వద్దన్నాం. 2022 మేలో బుద్ధదేవ్ కర్మస్కర్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది, ఇష్టం లేకుండా హోంలలో పెట్టిన పెద్దవయసు ఆడవాళ్లని వదిలేయాలని, రైడ్లలో వేధించొద్దని, ఫొటోలు వేయొద్దని. కోర్టు చెప్పాకైనా జిల్లాల్లో ఎంత మారింది?

పారాలీగల్_సుజాత
హోంల విషయం నీతో వందకి వంద. మల్లి చెల్లెలు కూడా 10 నెలలు అలాగే ఉంది. కానీ చట్టమే వద్దంటే యాదగిరిగుట్టలో ఏం చేసేవాళ్లం? 2018లో రాచకొండ పోలీసులు చిన్న చిన్న ఆడపిల్లల్ని బయటికి తెచ్చారు, తొందరగా పెద్దవాళ్లలా కనపడాలని హార్మోన్ ఇంజెక్షన్లు వేసిన పిల్లలు. వాళ్లకి ఇష్టం అయిష్టం అనే మాటే లేదు కదా అరుణా.

అరుణ_సంఘం
పిల్లల విషయంలో ఇంకో మాటే లేదు, ఎత్తుకొచ్చిన వాడికి బతికున్నంత కాలం జైలు. అందులో మా సంఘమే ముందుంటుంది, మా వీధిలోకి చిన్న పిల్లని తెస్తే మొదట ఫోన్ చేసేది మేమే. నేనడిగేది ఒక్కటే, పెద్దమనిషిని అడిగి చెయ్యండి ఏం చేసినా. "నువ్వు ఎక్కడికి వెళ్తావమ్మా" అని ఒక్కసారి అడిగితే చట్టం అరిగిపోదు. బలవంతంగా తెచ్చిన మనిషికీ, ఇక్కడ పని చేసుకునే మనిషికీ తేడా తెలిసేది కూడా అలా అడిగితేనే.

రిటైర్డ్_హెడ్డు
నేను అడిగి ఉంటే ఆ జీపులో పిల్లకి కూడా తెలిసేది.

డల్లాస్_అన్నపూర్ణ
శ్రీను తమ్ముడి విషయంలో కూడా ఆ 2018 బిల్లు సరిపోదు సుజాత గారూ. బాధితుల చేత బలవంతంగా చేయించిన నేరాలకి మినహాయింపు అందులో ఉంది, కానీ పదేళ్లు, ఆ పైన శిక్ష పడే నేరాలకి మాత్రమే. మోసం కేసుకి శిక్ష ఏడేళ్ల లోపే. అంటే హత్య చేయించి ఉంటే మినహాయింపు అడగొచ్చు, ఫేక్ ప్రొఫైల్ పెట్టించి ఉంటే అడగలేడు! పీటా 8వ సెక్షన్ ఆరు నెలలదీ అంతే. నిజానికి బాధితుల మీద పడే కేసులన్నీ ఈ చిన్నవే.

గాజువాక_శ్రీను
అంటే మా వాడు ఆ బిల్లులో కూడా లేడు. బాగుంది.

పారాలీగల్_సుజాత
ఇది నేను అంత దగ్గరగా చూడలేదు అన్నపూర్ణ గారూ. మీరు చెప్పింది నిజం. అలాగైతే ఆ బిల్లునే యథాతథంగా తెమ్మని అడగను. బలవంతంగా చేయించిన ఏ నేరానికైనా ముందు బలవంతం సంగతి తేల్చాలి, హోంలో ఉండటం ఆ మనిషి ఇష్టం, పరిహారం కోసం శిక్ష పడేదాకా ఆపొద్దు, మొదట అమ్మిన ఊళ్లో దర్యాప్తు జరగాలి. ఇవి ఉన్న చట్టం కావాలి. మన ఆంధ్రలో విముక్తి అని, బయటపడిన అక్కచెల్లెళ్లే నడుపుకునే వేదిక ఉంది, దేశవ్యాప్తంగా 2019 నుంచి ఇల్‌ఫాట్ అని అలాంటి వేదికే ఉంది. వాళ్లే చట్టం కావాలని అడుగుతున్నారు. వాళ్లని కూర్చోబెట్టి రాయించాలి.

పెద్దపల్లి_రమేశ్
బట్టీలోళ్లను గూడ రాయుర్రి అక్క. ఒడియాల మాట్లాడేటోళ్లు ఉండాలె, లేకుంటే మల్ల కాగితం మీద అంగూఠా ఏపిచ్చుకుంటరు.

అరుణ_సంఘం
అలా రాస్తే మా సంఘం సంతకం నేను తెస్తా సుజాతా. మాటిస్తున్నా.

నిజం_నిష్టూరం
మా బావమరిదికి శ్రీను రాసింది చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నాతో మాట్లాడినోడు కూడా ఆ రోజు అన్నం తిన్నాడో లేదో" అన్నాడు. డబ్బు పోయిన కోపం పోలేదు ఆయనకి, పోదు కూడా. కానీ ఆ కోపం ఇప్పుడు ఏజెంటు మీదకి, పైన కూర్చున్నోళ్ల మీదకి తిరిగింది. మా ఎంపీకి ఉత్తరం రాస్తే ఆయన కూడా సంతకం పెడతానన్నాడు. మల్లి గారూ, నేను మొదట రాసిన దానికి మీ పిన్నమ్మ గారికి క్షమాపణ చెప్పండి.

సీమ_మల్లి
పర్వాలేదన్నా, ఊర్లో అంతకంటే పెద్ద మాటలే విన్నాము.

సుజాతక్క చెప్పినట్టు 15100కి ఫోన్ చేసినా. సోమవారం రమ్మన్యారు, సమన్ల కాపీ, ఆధారు, హోం నుంచి ఇచ్చిన కాగితం తెమ్మన్యారు. వీడియోలో చెప్పొచ్చు అని పిల్లకి చెప్పినా. అన్నీ వినింది. ఒకటే అడుగుతోంది, ఆ టీవీలో వాళ్లు నాకి కనపడతారా అని. కనపడితే నోరు రాదంట. ఏం చెప్పాల?

పారాలీగల్_సుజాత
కనపడకుండా చేయమని అడగొచ్చు అని చెప్పు. 2004లో సాక్షి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఇలాంటి విచారణల్లో ముద్దాయి ముఖం బాధితురాలికి కనపడకుండా తెర కట్టాలో ఇంకోటి చెయ్యాలో చూడమని, మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకోనివ్వమని కూడా. వీడియోలో అయితే ఇంకా సులువు, కెమెరా జడ్జి గారి వైపే పెట్టమని పిటిషన్లో రాయిస్తా. పక్కన నువ్వు కూర్చునేలా కూడా అడుగుదాం. బెదిరింపులు ఏమైనా వస్తే 2018 సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి గారి కమిటీకి దరఖాస్తు పెడదాం, ఆ కాగితం కూడా సిద్ధం చేసి పెడతా.

రిటైర్డ్_హెడ్డు
మల్లీ, నేను ఉండేది మీకు రెండు గంటల దూరం. సోమవారం నేను వస్తాను, స్టేషన్లో కూడా మాట్లాడతాను, ఇక మీదట ఏ కాగితమైనా ఆడ కానిస్టేబుల్‌తో మామూలు బట్టల్లో పంపమని. ఆ మాట నేను చెబితే వింటారు.

సీమ_మల్లి
చెప్పినాను అందరి మాటా. లైటు ఇంకా ఆర్పనీలేదు గాని ఈ రాత్రి మంచం మీదనే పడుకునింది. పడుకునే ముందర ఒక మాట అనింది, వీడియోలో జడ్జి గారు అడిగితే సంతకి వచ్చే ఆమె పేరు తానే చెప్తాదంట.

సోమవారం 7 గంటల బస్సుకి బయలుదేరతాము.